బత్తాయి వేర్లకు కడిగినా పోని మట్టి: నులిపురుగు చెట్టు లోపల ఏం చేస్తోంది?

గుర్రంపోడు_బత్తాయి | ఆగస్టు 3, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు మండలం. నాలుగెకరాల బత్తాయి తోట, సాత్‌గుడి రకం, రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లు. తొమ్మిదో ఏడు నడుస్తోంది. రెండేళ్ల నుంచి బోరు పక్క మూలలో చెట్లు పైకొమ్మల నుంచి ఎండుతూ వస్తున్నాయి. ఆకు చిన్నదై పాలిపోతోంది. కాయ నిమ్మకాయంత అయ్యి ఆగిపోతోంది. జింకు లోపం అన్నారు, కొట్టాను. మంగు నల్లి అన్నారు, దానికీ కొట్టాను. ఏం మార్పు లేదు.

మొన్న వాన పడ్డాక ఒక చెట్టు పాదులో జానెడు లోతు తవ్వి పీచువేర్లు తీశాను. పక్కనే బాగున్న చెట్టువి కూడా తీసి, రెండూ బకెట్ నీళ్లలో వేసి ఊపాను. బాగున్న చెట్టు వేర్లు లేత పసుపుగా, శుభ్రంగా వచ్చాయి. ఎండుతున్న చెట్టు వేర్లు మట్టి పూసినట్టే ఉన్నాయి. బొటనవేలితో రుద్దితే మట్టి పోలేదు, వేరు పైతోలు జారిపోయి లోపలి దారం చేతిలో మిగిలింది.

మా నాయన ఈ చెట్లను మొదటి ఎండాకాలం బిందెలతో నీళ్లు మోసి బతికించాడు. ఇప్పుడు కళ్ల ముందే పోతుంటే చూడలేకపోతున్నా. ఇదేం రోగమో తెలిసినవాళ్లు చెప్పండి.

కనగల్_పెద్దతోట | ఆగస్టు 3, రాత్రి 9:48

తమ్మీ, వేరుకుళ్లు అయ్యుంటది. మా తోటలో పదేళ్ల కింద ఇట్లనే వచ్చింది. పాదుల్లో గుళికలు వేసి నీళ్లు పెట్టినం. మూడు నాలుగు నెలలు చిగురు బాగా వచ్చింది, మళ్లీ మొదటికొచ్చింది. నువ్వు ముందు ఆ మూలకు నీళ్లు తగ్గించు. బోరు పక్కన ఎప్పుడూ తడే ఉంటది.

వేర్ల_పరిశోధన | ఆగస్టు 3, రాత్రి 11:20

అన్నా, నేను మొక్కల నులిపురుగుల (కంటికి కనపడని దారం లాంటి పురుగులు, నెమటోడ్లు అంటారు) మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని. మీరు రాసిన వాటిలో కడిగినా పోని మట్టి దగ్గర నాకు అనుమానం గట్టిపడింది. ఎండుకొమ్మ, పాలిపోయిన ఆకు వంద కారణాలతో వస్తాయి. ఈ మట్టి మాత్రం నిమ్మజాతి నులిపురుగు వదిలే గుర్తు.

దాని శాస్త్రీయ నామం టైలెంకులస్ సెమిపెనెట్రాన్స్. ‘సగం లోపలికి దూరేది’ అని పేరులోనే ఉంది. ఆడపురుగు తల, మెడ వేరు లోపలికి దించుతుంది. ఉబ్బిన వెనక భాగం బయటే ఉంటుంది. గుడ్లను జిగురులో పెడుతుంది, ఆ జిగురుకు మట్టి రేణువులు అతుక్కుంటాయి. మీ వేలికి తగిలింది ఆ జిగురే అయ్యుండాలి. పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి కనపడదు. 1912లో కాలిఫోర్నియాలో దీన్ని మొదట చూశారు, మరుసటేడు కాబ్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. గుడ్డు నుంచి మళ్లీ గుడ్డుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు. చెట్టు ఒక్కసారిగా చావదు, ఏళ్ల తరబడి నీరసిస్తుంది.

అయినా పరీక్ష చేయించకుండా మందు కొనకండి. వేరుకుళ్లు శిలీంధ్రం కూడా తోడుగా ఉండొచ్చు, పెద్దాయన మాట తీసేయలేం. కొమ్మల అంచు కింద, జానెడు లోతులో మట్టి, గుప్పెడు పీచువేర్లు తియ్యండి. ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఎండ తగలకుండా అదే రోజు పంపాలి. ఎండితే పురుగు చచ్చిపోతుంది, లెక్క తప్పు వస్తుంది. మీకు దగ్గర్లో కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అక్కడ అడగండి.

దేవరకొండ_జీవశాస్త్రం | ఆగస్టు 4, ఉదయం 6:35

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా పిల్లల్లో సగం మంది బత్తాయి తోటల ఇళ్ల నుంచే వస్తారు, అందుకే అడుగుతున్నా. కంటికి కనపడని పురుగు పదిహేను అడుగుల చెట్టును ఎలా లొంగదీసుకుంటుంది? కొరికి తినేస్తే వేరు తెగాలి కదా. ఇక్కడ వేరు బతికే ఉంటోంది, చెట్టు చస్తోంది. దీని వెనక జన్యువుల కథ ఉందని ఎక్కడో చదివాను. మామూలు మాటల్లో చెప్పగలరా?

వేర్ల_పరిశోధన | ఆగస్టు 4, రాత్రి 8:15

సార్, నేను ఈ చదువులోకి వచ్చిందే ఆ ప్రశ్న వల్ల. కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఈ పురుగు నోట్లో ఇంజక్షన్ సూది లాంటి బోలు ముల్లు ఉంటుంది. గొంతు వెనక గ్రంథులు ఉంటాయి. అక్కడ తయారైన ప్రొటీన్లను ఆ సూదితో వేరు కణంలోకి ఎక్కిస్తుంది. ఒక్కో ప్రొటీన్‌కూ పురుగు డీఎన్‌ఏలో ఒక జన్యువు ఉంది. రోగం మొత్తం ఆ జన్యువుల పనే.

మొదటి పని గోడ పగలగొట్టడం. మొక్క కణం చుట్టూ సెల్యులోజ్ గోడ ఉంటుంది. దాన్ని కరిగించే జన్యువు చాలా జంతువుల్లో ఉండదు. ఆవు కూడా గడ్డి అరగడానికి పొట్టలోని సూక్ష్మజీవుల మీదే ఆధారపడుతుంది. అలాంటిది 1998లో బంగాళాదుంప, సోయా వేర్లను పట్టే నులిపురుగుల్లో సెల్యులోజ్‌ను కరిగించే సొంత జన్యువులు దొరికాయి. పోల్చి చూస్తే అవి బ్యాక్టీరియా జన్యువుల్లా ఉన్నాయి. అంటే ఎప్పుడో ఒక బ్యాక్టీరియా జన్యువు పురుగు డీఎన్‌ఏలోకి వచ్చి చేరి, తల్లి నుంచి పిల్లకు ఆస్తిలా దిగుతూ వచ్చింది. 2008లో ఇంకో రకం, వేర్లకు ముడులు కట్టించే వేరుముడి నులిపురుగు మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా జన్యుపటం మొత్తం చదివారు. సుమారు 19 వేల జన్యువులు ఉన్నాయి, అందులో మొక్క గోడను కరిగించేవి పదుల సంఖ్యలో.

రెండో పని నాకు ఇంకా పెద్ద ఆశ్చర్యం. కణాన్ని చంపకుండా వంటమనిషిగా పెట్టుకుంటుంది. నిమ్మజాతి పురుగు తల చుట్టూ ఉన్న ఆరు నుంచి పది కణాలు పోషక కణాలుగా మారతాయి. కేంద్రకం పెద్దదవుతుంది, లోపలి ద్రవం చిక్కబడుతుంది. వేరుముడి పురుగు అయితే కణవిభజననే తప్పుదారి పట్టిస్తుంది: కేంద్రకాలు విడిపోతూనే ఉంటాయి, కణం మాత్రం విడిపోదు. ఒకే కణంలో పదుల కేంద్రకాలతో రాక్షసకణం తయారవుతుంది. దాని చుట్టూ ఉబ్బిందే మనకు కనపడే బుడిపె.

ఆ మార్పులు చేసే జన్యువులు చెట్టువే. పురుగు వాటిని మీట నొక్కినట్టు నొక్కుతుంది. 16డి10 అనే చిన్న ప్రొటీన్ ముక్క ఉంది, 13 అమైనో ఆమ్లాలే. అది మొక్కలో వేరు పెరుగుదలను నడిపే ప్రొటీన్లను పట్టుకుంటుంది. 2006లో ఒక ప్రయోగశాల మొక్కలో ఈ పురుగు జన్యువును మూగబోయేలా చేస్తే నాలుగు రకాల వేరుముడి పురుగులూ దెబ్బతిన్నాయి.

మీ ప్రశ్నకు జవాబు కూడా అదే సార్. వేరు బతికి ఉంటేనే పురుగుకు అన్నం. చెట్టు ఆకుల్లో వండుకున్నది కిందకు దిగి, లక్షల నోళ్లకు పోతుంది.

పాలమూరు_జామ | ఆగస్టు 4, రాత్రి 10:02

తమ్ముడూ, నువ్వు రాసిన బుడిపెలు నా చేతిలో ఉన్నాయి. మాది జడ్చర్ల దగ్గర, రెండెకరాల తైవాన్ జామ. మొదటి రెండేళ్లు విరగకాసింది. మూడో ఏడు ఆకులు అంచుల నుంచి ఇటుక రంగుకు తిరిగాయి. చెట్టు పెరికితే వేర్లంతా వేరుశనగ కాయలు గుచ్చినట్టు ముడులు. చాకుతో ఒక ముడి కోసి పిల్లల భూతద్దం పెట్టి చూశా. లోపల ఆవగింజ కంటే చిన్నగా, ముత్యంలా తెల్లగా ఒకటి మెరిసింది. పురుగేనా అది?

గుర్రంపోడు అన్నా, బత్తాయి తీసి జామ వేద్దామని మాత్రం అనుకోకు. నేను కంది చేను తీసి జామ వేసి ఇట్లయ్యా.

గుర్రంపోడు_బత్తాయి | ఆగస్టు 4, రాత్రి 10:30

అక్కా, సరిగ్గా అదే అనుకుంటున్నా. పోయిన చెట్ల గుంతల్లో జామ పెడదామని నర్సరీలో ధర కూడా అడిగొచ్చా.

వేర్ల_పరిశోధన | ఆగస్టు 5, ఉదయం 7:05

అక్కా, అది ఆడపురుగే. వేరుముడి పురుగుల్లో ఆడది బేరిపండు ఆకారంలో, తెల్లగా ఉంటుంది. మీ కళ్లు మంచివి.

అన్న విషయానికొస్తే, ఇవి రెండూ వేరు వేరు పురుగులు. బత్తాయి పురుగుకు తిండి ఎంపిక తక్కువ: నిమ్మజాతి, ద్రాక్ష, ఆలివ్ లాంటి కొన్నే. జామను అది పట్టదు. కానీ జామ మొక్కతో పాటు సంచి మట్టిలో వేరుముడి పురుగు మీ చెల్కలోకి దిగితే మీకు ఇద్దరు శత్రువులు తయారవుతారు. దానిమ్మకైనా ఇదే సంగతి.

జామను ఎక్కువగా ముంచుతున్నది మెలాయిడోగైన్ ఎంటరొలోబీ అనే రకం. చైనాలో ఒక నీడచెట్టు వేర్ల మీద దొరికింది, 1983లో ఆ చెట్టు పేరే పెట్టారు. మన దేశంలో తమిళనాడు జామ తోటల్లో బయటపడ్డాక అందరి దృష్టీ దీని మీద పడింది. ఇదెందుకంత ప్రమాదమో టమాట కథ వింటే తెలుస్తుంది. టమాటాలో ఎంఐ-1 అనే నిరోధక జన్యువు ఉంది, అడవి టమాట జాతి నుంచి తెచ్చింది. మామూలు వేరుముడి పురుగు సూది దించగానే ఆ జన్యువు పసిగట్టి, అక్కడి కణాలను తానే చంపేసుకుంటుంది. తిండి దొరక్క పురుగు చస్తుంది. నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఆ కాపలా పడుకుంటుంది, మన ఎండలకు అదొక బాధ. ఎంటరొలోబీ అయితే ఆ కాపలా మేలుకుని ఉన్నా లోపలికి పోతుంది.

చెట్లలో ఆశ పుట్టించింది ప్లమ్ జాతి. మైరోబాలన్ ప్లమ్‌లో ఎంఏ అనే జన్యువు ఉంది, 2011లో దాన్ని విడదీసి చదివారు. వేడికి పడుకోదు, ఎంటరొలోబీకి కూడా లొంగదు. జామ బంధువుల్లోనూ వెతికారు. బ్రెజిల్‌లో మన జామను ఒక అడవి జామతో కలిపి, ఈ పురుగును తట్టుకునే వేరుమొక్క తయారు చేశారు. దాని మీద మామూలు జామ అంటు కడతారు.

కనగల్_పెద్దతోట | ఆగస్టు 5, మధ్యాహ్నం 1:40

బాబూ, చదువుకున్నవు, మంచిగ చెప్తున్నవు. కానీ ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకు. ఈ జన్యువులన్నీ తెలిస్తే ఆ పిల్లగాని చెట్టు లేస్తదా? నేను ముప్పై ఏళ్ల నుంచి బత్తాయి మీదనే బతుకుతున్న. బత్తాయిలో తట్టుకునే వేరు ఉంటే దాని మీదనే అంటు కట్టమను. లేకుంటే లేదని చెప్పు.

వేర్ల_పరిశోధన | ఆగస్టు 5, సాయంత్రం 6:20

తప్పేం లేదు పెదనాయనా, అడగాల్సిందే అడిగారు. నాటిన చెట్టు వేరును మార్చలేం, ఆ చెట్టుకు జన్యువుల జ్ఞానం మందు కాదు. నాటబోయే చెట్టుకు మాత్రం అదే మొదటి మందు.

తట్టుకునే వేరు ఉంది. మూడాకుల నారింజ, ట్రైఫోలియేట్ అంటారు. నులిపురుగు సూది దించితే దాని వేరు ఆ చోట కణాలను చంపి, చుట్టూ బెరడు లాంటి పొర కట్టేస్తుంది. ఈ గుణంలో పెద్ద వాటా ఉన్న డీఎన్‌ఏ భాగాన్ని 2000లో గుర్తించి టైర్1 అని పేరు పెట్టారు. మన రంగపూర్ నిమ్మ, అంటుకు వాడే ఇంకో నిమ్మ జంబేరి, రెండింటికీ ఆ రక్షణ లేదు. ట్రైఫోలియేట్‌నే నేరుగా వాడొచ్చు కదా అంటే, మన నేలలో దాని సంగతి నర్సరీవాళ్లు చెబితే బాగుంటుంది.

అంట్ల_నర్సరీ | ఆగస్టు 5, రాత్రి 9:33

నేను చెబుతా. నల్లగొండ చుట్టుపక్కల చాలాచోట్ల చెల్క కింద సున్నం రాయి తగులుతుంది. ట్రైఫోలియేట్ రక్తం ఉన్న వేర్లకు సున్నపు నేల పడదు. కొన్ని మొక్కలు తెప్పించి పెట్టి చూశా. రెండో ఏటికే ఈనెలు పచ్చగా, మిగతా ఆకు పసుపుగా అయిపోయింది, ఇనుము అందలేదు. రంగపూర్ నిమ్మ సున్నాన్నీ బెట్టనూ ఓర్చుకుంటుంది. అందుకే అందరం దాన్నే నమ్ముకున్నాం.

ఇక్కడ జన్యువుల మాట నడుస్తోంది కాబట్టి నా చేతి అనుభవం ఒకటి. రంగపూర్ నిమ్మ గింజ నాటితే ఒకే గింజ నుంచి రెండు, ఒక్కోసారి మూడు మొలకలు వస్తాయి. చాలావరకు అవన్నీ తల్లి చెట్టు అచ్చులే. మధ్యలో ఒకటి ఆకు తేడాగా, బక్కగా వస్తే పీకేస్తాం, ఒకేలా ఉన్నవే ఉంచుతాం. మొక్కలన్నీ సమానంగా ఉన్నాయని రైతు మెచ్చుకుంటాడు. ఇదంతా చదివాక రాత్రి పడుకున్నా అదే ఆలోచన. అంటే నేను వేల తోటలకు ఒకటే వేరు ఇస్తున్నానా?

వేర్ల_పరిశోధన | ఆగస్టు 5, రాత్రి 10:50

అవునన్నా. గింజలో తల్లి చెట్టు సొంత కణం నుంచే పిండం పుడుతుంది, తండ్రి వాటా ఉండదు. తోటలో నాలుగు వందల చెట్లు కనపడినా వేరు వైపు నుంచి చూస్తే ఒకటే చెట్టు. ఒకదాన్ని లొంగదీసే పురుగు అన్నింటినీ లొంగదీస్తుంది.

పురుగు వైపు కూడా అలాంటిదే. అక్క తోటలోని వేరుముడి రకం మగ అవసరం లేకుండా తల్లి అచ్చులనే కంటుంది. బత్తాయి పురుగు మగతో కలిసీ, కలవకుండా కూడా గుడ్లు పెట్టగలదు. దాని మగపిల్లలు అసలు తినవు, వేరును తాకేది ఆడవే. మరి అచ్చులే అయితే కొత్త వేరును ఎలా గెలుస్తుంది? సంఖ్యతో. ఒక పాదులోనే లక్షల్లో పుడుతుంటే, ఎక్కడో ఒక దాని జన్యువులో చిన్న మార్పు వస్తుంది. వేరు పసిగట్టే ప్రొటీన్ మారినా, పోయినా చాలు, దాని సంతానమే మిగులుతుంది. కాలిఫోర్నియా, జపాన్ లాంటి చోట్ల ట్రైఫోలియేట్ వేరును కూడా తినే రకం ఇప్పటికే ఉంది. అందుకే టైర్1 ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోలేం.

దేవరకొండ_జీవశాస్త్రం | ఆగస్టు 6, ఉదయం 6:10

పైన్ చెట్లు ఇలాగే పోయాయని విన్నాను. కొబ్బరికి కూడా నులిపురుగు వస్తోందని వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతోంది, మా ఊళ్లో కొందరు టెన్షన్ పడుతున్నారు.

వేర్ల_పరిశోధన | ఆగస్టు 6, రాత్రి 8:40

కొబ్బరిది ఎర్ర వలయం తెగులు సార్. అది దక్షిణ అమెరికా, కరీబియన్ దీవుల వైపు ఉంది, అక్కడి ముక్కుపురుగు మోస్తుంది. మన దగ్గరి ఎర్ర ముక్కుపురుగు వేరే జాతి. ఆ వీడియో చూసి చెట్లు కొట్టేయవద్దని చెప్పండి.

పైన్ కథ మాత్రం నిజం, మీ పిల్లలకు తప్పక చెప్పండి. జపాన్‌లో నాగసాకి దగ్గర 1905 ప్రాంతంలో పైన్ చెట్లు ఎండటం మొదలైంది. కారణం ఒక నులిపురుగు అని తేలింది 1971లో! అన్నేళ్లూ బెరడు కింద కనపడే పురుగులదే తప్పు అనుకున్నారు. ఇది వేరులో కాదు, కాండంలో తిరుగుతుంది, పొడుగు మీసాల పురుగు మీద ఎక్కి చెట్టు మారుతుంది. వేసవిలో పట్టిందంటే కొన్ని వారాల్లోనే చెట్టు ఎర్రబడి చస్తుంది. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి పైన్లు దానితో పాటే తరతరాలుగా పెరిగాయి, చాలావరకు తట్టుకుంటాయి. జపాన్ పైన్లకు అది కొత్త.

2011లో దాని జన్యుపటం చదివారు. సెల్యులోజ్ గోడ కరిగించే జన్యువులు దీనికీ ఉన్నాయి, కానీ బ్యాక్టీరియావి కాదు, శిలీంధ్రాలవి! ఈ పురుగు శిలీంధ్రాన్ని కూడా తిని బతుకుతుంది. తిన్నదాని నుంచే ఆయుధం తెచ్చుకుందన్నమాట. ఒకే ఆయుధం రెండు పురుగు వంశాలకు రెండు దారుల్లో వచ్చింది. ఆ పేజీ మొదటిసారి చదివిన రోజు నేను హాస్టల్లో అన్నానికి వెళ్లడం మర్చిపోయా.

పాలమూరు_జామ | ఆగస్టు 6, రాత్రి 9:25

జన్యువును మూగబోయేలా చేశారన్నావు కదా తమ్ముడూ. అట్లాంటి జామ మాకెందుకు రాదు?

వేర్ల_పరిశోధన | ఆగస్టు 6, రాత్రి 11:00

అక్కా, అది బయటి జన్యువు చేర్చే పద్ధతి. మన దేశంలో అలాంటి పంటల్లో రైతు చేలోకి వచ్చింది పత్తి ఒక్కటే. ఇంకో దారి జన్యు సవరణ: చెట్టు సొంత జన్యువుల్లో పురుగు నొక్కే మీటను కొంచెం మార్చడం. రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిని ఈ పద్ధతిలోనే సవరించి, ‘కమల’ అనే రకాన్ని 2025లో ప్రకటించింది. అది దిగుబడి కోసం. జామ, బత్తాయిలో కష్టం ఏమిటంటే, ఆ మీట పురుగు కోసం పుట్టింది కాదు, వేరు పెరగడానికి చెట్టుకు కావాల్సిందే. ఎక్కువ మారిస్తే వేరే పెరగదు. పైగా వరి ఒక పంటకాలంలో ఫలితం చెబుతుంది, చెట్టుకు ఏళ్లు పడుతుంది.

అప్పటిదాకా ఉన్న చెట్లకు వేపపిండి, పశువుల ఎరువు బాగా వేయండి. ఆ ఎరువులో పర్‌ప్యూరియోసిలియం, పొకోనియా అనే మేలు శిలీంధ్రాలను మాగబెట్టి వేస్తే అవి పురుగు గుడ్లను తింటాయి. వరసల మధ్య బంతి వేయండి, దాని వేర్ల రసం వేరుముడి పురుగుకు విషం. పురుగు పూర్తిగా పోదు, చెట్టుకు ఊపిరి ఆడుతుంది.

గుర్రంపోడు_బత్తాయి | ఆగస్టు 19, రాత్రి 8:50

ఆలస్యానికి మన్నించండి. ల్యాబ్ వాళ్లు వేర్లను ఎర్రరంగులో ఉడికించి సూక్ష్మదర్శిని కింద నన్నే చూడమన్నారు. లేత గులాబీ వేరు మీద ఎర్రగా, చిన్న సంచుల్లా వరసగా వేలాడుతున్నాయి. తలలు లోపల, ఒళ్లు బయట. తమ్ముడు రాసినట్టే ఉంది. లెక్క చాలా ఎక్కువ అన్నారు. వేరుకుళ్లు శిలీంధ్రం కూడా కొంచెం ఉందట, కనగల్ పెదనాయన మాట కూడా నిజమైంది.

శుభ్రమైన వేర్లున్న బాగున్న చెట్టుది కూడా ఇచ్చాను. అందులోనూ అక్కడక్కడా ఉన్నాయి. అది విన్నాక చాలాసేపు ఏం మాట్లాడలేకపోయా.

అంట్ల_నర్సరీ | ఆగస్టు 19, రాత్రి 9:30

అన్నా, నీ మొక్కలు నా దగ్గరివి కాకపోవచ్చు, అయినా నాకు బాధగా ఉంది. మేము సంచులకు మట్టి ఎక్కడ దొరికితే అక్కడ తెస్తాం, పాత తోటల మట్టి కూడా. ఈసారి నుంచి తోట మట్టి ముట్టను. తెచ్చిన మట్టిని ఎండాకాలంలో తడిపి, పల్చటి ప్లాస్టిక్ షీటు కప్పి ఎండకు మాగబెడతా. మొక్కలు కూడా నేల మీద కాకుండా బల్లల మీద పెంచాలని చూస్తున్నా.

కనగల్_పెద్దతోట | ఆగస్టు 20, ఉదయం 5:55

బిడ్డా, ధైర్యంగుండు. ఆ మూలలో వాడిన పార, నాగలి కడగకుండ ఇటు పక్కకు తేవద్దు. నీళ్లు కూడా ఆ పాదుల నుంచి ఈ పాదుల్లోకి పారకుండ కట్ట వెయ్యి. నా తోటలో కూడా ఏడు చెట్లు అనుమానంగున్నయ్. మనవడిని తీసుకొని ఆదివారం వేర్లు తీస్త. ఎండ తగలకుండ సంచిలో ఎట్ల కట్టాలో ఆ పరిశోధన బాబు ఇంకోసారి వివరంగ రాస్తే, పేపరు మీద రాసుకొని పోత.

వేర్ల_పరిశోధన | ఆగస్టు 20, ఉదయం 7:15

రాస్తాను పెదనాయనా. ఒక్కో చెట్టుకు వేరే సంచి. పాదులో నాలుగు దిక్కులా కొంచెం కొంచెం తవ్వండి. పైన రెండు వేళ్ల మందం మట్టి తీసేసి, దాని కింద తడి మట్టి, పీచువేర్లు కలిపి సంచిలో వేయండి. మూతి కట్టి, చెట్టు నంబరు కాగితం మీద పెన్సిలుతో రాసి బయట కట్టండి, పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది. తడి గోనెసంచిలో చుట్టి నీడన పెట్టండి, బండి డిక్కీలో మాత్రం వద్దు. ఆదివారం ల్యాబు ఉండదు, సోమవారం తెల్లవారుజామున తియ్యండి. ఏడు చెట్లతో పాటు బాగున్నవి రెండు కూడా తియ్యండి.